రెక్కకు అడ్డొచ్చిన కిటికీ

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో కల్పన అనేది భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. నా నోట అబద్ధం వచ్చిన రోజు సూర్యుడు సెలవు పెడతాడని మా వీధిలో అనుకుంటారు. ఈ మధ్య సూర్యుడు రోజూ వస్తూనే ఉన్నాడు, మీరే చూస్తున్నారు. కాబట్టి ఈ వారం రాసింది కూడా అక్షరం పొల్లు పోకుండా జరిగిందే.

మన బండి ఎక్కడ ఆగిందో గుర్తుందా? ఓడరేవులో గాలిమర రెక్కనొకదాన్ని ఎక్కించుకుని బయల్దేరింది. ఉప్పుమడుల పక్కగా వచ్చింది. ఎర్రనేలల దుమ్ము తాగింది, నల్లమట్టిలో కూరుకుపోయి లేచింది, ఇసుక గాలిలో కళ్ళు మూసుకుని నడిచింది. భాష మారింది, నీళ్ళ రుచి మారింది, దారి చెప్పేవాళ్ళు చెయ్యి ఊపే తీరు కూడా మారింది. ఇక ఒక్క ఊరు దాటితే కొండలు మొదలవుతాయి. సరిగ్గా ఆ ఊరి పొలిమేరలో పోయిన వారం ఆపాను.

కొత్తగా చదువుతున్నవాళ్ళకు రెక్క సంగతి చెప్పాలి. బండి ముందు చక్రాలు ఒక ఊళ్ళో భోజనానికి కూర్చుంటే, వెనక చక్రాలు వెనకూళ్ళో ఇంకా పొద్దుటి టీ తాగుతుంటాయి. అంత పొడుగు. అందుకని ఆ బండికి ఇద్దరు కావాలి. ముందు చక్రాలు తిప్పేది కోడలు. వెనక చక్రాలకు వేరే స్టీరింగు, చిన్న గూడులాంటి గది ఉంటాయి. అందులో కూర్చునేది ఆమె మామగారు. ఇద్దరి మధ్యా ఉన్న చుట్టరికం అంతా ఒక వైర్‌లెస్ సెట్టు మీదే నడుస్తుంది. మిగతా ఇళ్ళలో కోడలు మామగారి మాట వింటుందో లేదో కానీ, ఇక్కడ వినకపోతే ఎవరిదో ఒకరి గోడ కూలుతుంది.

వాళ్ళకు ముందు జీపులో వెళ్ళేవాడు మామగారి తమ్ముడు. దారికి అడ్డంగా వేలాడే కరెంటు తీగల్ని పొడుగాటి వెదురుకర్రతో పైకెత్తి పట్టుకోవడం అతని పని. తీగల్ని ఎత్తినట్టే మాటల్ని కూడా పైకెత్తుతాడు కాబట్టి అతణ్ణి అందరూ కోతల మామయ్య అంటారు.

కొండ మీద వీళ్ళ కోసం ఎదురుచూస్తున్నవాడు కోడలి మొగుడు. క్రేను నడుపుతాడు. అక్కడ గాలిమరకు రెండు రెక్కలు బిగించేశారు, మూడోది వీళ్ళు తెస్తున్నది. పెద్దగాలులు మొదలయ్యేలోపు మూడోది చేరకపోతే ఉన్న రెండూ దించేయాలి. దించితే మళ్ళీ వచ్చే ఏడాదే. పొద్దున ఫోనులో అతను చెప్పింది అదే. గాలి చూడడానికి స్తంభం మీద కట్టిన గుడ్డ నిన్నటిదాకా నిద్రపోయిందట, ఇవాళ ఒళ్ళు విరుచుకుంటోందట.

సరే, ఊళ్ళోకి వద్దాం.

ఏ ఊరు వచ్చినా వీళ్ళు ముందు తాడు నడక నడుస్తారు. రెక్క ఎంత పొడుగో అంత తాడు. ముందు కొస కోడలి చేతిలో, వెనక కొస మామగారి చేతిలో. తాడు వంగకుండా బిగించి పట్టుకుని ప్రతి మలుపూ తిరిగి చూస్తారు. తాడు గోడకు తగలకుండా తిరిగితే బండీ తిరుగుతుంది. చూసేవాళ్ళకు మాత్రం రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు కొలతలకు వచ్చినట్టుంటుంది. ఆ ఉదయం కూడా బజారులో బట్టల కొట్టతను తన రేకుల పందిరి తనే ఊడదీసుకున్నాడు. వీళ్ళు వద్దు బాబూ అంటున్నా వినలేదు. ఎలాగూ తీయిస్తారు కదా, పరువుగా నేనే తీసుకుంటానన్నాడు.

బజారు చివరి మలుపు దగ్గర తాడు చక్కగా తిరిగింది. మూల ఇంటి గోడకూ తాడుకూ మధ్య పిల్లి దూరేంత సందు మిగిలింది. మామగారు బొటనవేలు పైకెత్తాడు. కోడలు వెళ్ళి బండి ఎక్కింది.

బండి సగం మలుపు తిరిగింది. ముందు భాగం పక్కవీధిలోకి వెళ్ళింది, తోక ఇటు విసురుగా వస్తోంది. అప్పుడు సెట్టులో కోతల మామయ్య గొంతు వినబడింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతని గొంతులో కోత లేదు.

“ఆపండి. అన్నయ్యా, తాడు నేల మీద నడిచింది. రెక్క మేడ మీద నడుస్తుంది.”

కోడలు బ్రేకు తొక్కి తల బయట పెట్టి చూసింది. మూల ఇంటి కింది గోడకు ఢోకా లేదు. కానీ పై అంతస్తులో చెక్కతో కట్టిన కిటికీ గది ఒకటి వీధి మీదికి పొట్టలా పొడుచుకుని వచ్చి ఉంది. రెక్క కొస దానికి మూరెడు దూరంలో ఆగింది. ఇన్ని ఊళ్ళలో ఇన్ని మలుపులు తిరిగినవాళ్ళు, తాడు పట్టుకున్నంతసేపూ తాడునే చూశారు తప్ప తల ఎత్తలేదు.

ఆ కిటికీలో ఒక పెద్దావిడ కూర్చుని టీ తాగుతోంది. ముక్కు దాకా వచ్చిన రెక్కను, పలకరించకుండా ఇంట్లోకి దూరిన చుట్టాన్ని చూసినట్టు చూస్తోంది.

ఇక ముందుకు వెళ్తే కిటికీ పోతుంది. వెనక్కి వెళ్ళాలంటే ఊరవతల చీలిక దాకా తోక ముందు పెట్టుకుని నడవాలి. అక్కణ్ణుంచి చుట్టుదారి. ఆ దారిన వెళ్తే కొండ చేరేది గాలుల తర్వాతే. ఇటు ఆటోలు ఆగిపోయాయి, అటు కూరల బళ్ళు ఆగిపోయాయి. ఊరు మొత్తం సలహాలివ్వడానికి ఖాళీ చేసుకుని వచ్చింది.

వచ్చినవాళ్ళలో పట్టణం ఇంజనీరు కూడా ఉన్నాడు. అతను మంచివాడే, కాకపోతే గునపాలు పట్టుకున్న మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ కిటికీ గదికి అనుమతి లేదని, ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ వినలేదని, ఇవాళ దానంతటదే ముహూర్తం కుదిరిందని చెప్పాడు. మీరు బండిలో కూర్చోండమ్మా, టీ చల్లారేలోపు ఖాళీ చేయిస్తానన్నాడు.

కోడలు వెళ్ళి ఆ గునపాలకు అడ్డంగా నిలబడింది. ఆమె పుట్టింటి వరండాను ఇలాగే ఒక పూటలో రోడ్డు మింగేసింది. ఇప్పటికీ వాళ్ళమ్మ చెప్పులు విప్పేటప్పుడు లేని స్తంభం కోసం చెయ్యి చాపుతుంది.

“ఆగండి సార్. నేనొకసారి మాట్లాడి వస్తాను.”

తలుపు లోపల గడియ వేసి ఉంది. పైనుంచి ఆవిడ తొంగి చూసి, ఒక్కదానివే అయితే రా, ఆ కర్ర మనిషిని మాత్రం తేవద్దు అంది. కోతల మామయ్య అప్పటికే కింద నిలబడి, ఇంతకన్నా పెద్ద రెక్కను ఒకసారి సూది బెజ్జంలోంచి దాటించానని జనానికి చెబుతున్నాడు.

మెట్లెక్కి వెళ్ళిన కోడలికి ముందు కనిపించింది ఆవిడ కాదు, ఒక గోడ నిండా చెక్క గూళ్ళు. పావురాల గూళ్ళలా వరసలు వరసలు. ఒక గూట్లో దువ్వెన, ఒక గూట్లో దారపు ఉండలు, ఒక గూట్లో మందుసీసా.

ఆవిడ కూర్చోమనలేదు. ఎటునుంచి వస్తున్నారని అడిగింది. కోడలు వరసగా చెప్పుకొచ్చింది. ఓడరేవు, ఉప్పు పండే ఊరు, ఎర్రనేలలు, నల్లమట్టి, ఇసుక ఊరు, శాలువాలు నేసే ఊరు, ఆ తర్వాత ఇది.

“అబద్ధం. ఉప్పు ఊరి పక్కనే శాలువాల ఊరు. మధ్యలో ఇవన్నీ ఎక్కణ్ణుంచి తెచ్చావు?”

కోడలు తెల్లబోయింది. ఆ రెండు ఊళ్ళ మధ్య ఆమె బండి టైర్లు మార్చింది, జ్వరం తెచ్చుకుంది, జ్వరం తగ్గించుకుంది. అవేవీ లేవంటోంది ఈవిడ.

“ఎవరు చెప్పారు పెద్దమ్మా, పక్కపక్కనే అని?”

“ఎవరో చెప్పేదేంటి? నా చేతికి తెలుసు. ముందు నా కళ్ళజోడు అందుకో, ఉప్పు ఊళ్ళో ఉంటుంది.”

కోడలు గూళ్ళ వైపు చూసింది. ఒక గూట్లో కళ్ళజోడు ఉంది. దాని పక్క గూట్లో శాలువా లేదు కానీ, గూటి అంచు మీద వేళ్ళ రాపిడికి చెక్క నున్నబడి మెరుస్తోంది. అప్పటికి అర్థమైంది.

ఆవిడ పనిచేసింది టపా ఆఫీసులో. పార్సిళ్ళు ఏ ఊరివి ఆ ఊరి గూట్లో వేసే పని. ఊరందరికీ టపా పెద్దమ్మ. పెళ్ళి చేసుకోలేదు, ఊరు దాటలేదు. దేశమంతా ఆవిడ చేతుల మీదుగా వెళ్ళింది, ఆవిడ మాత్రం వెళ్ళలేదు. మిషన్లు వచ్చాక ఆ గూళ్ళ చట్రాన్ని పొయ్యిలోకి వేస్తుంటే ఇంటికి మోయించుకుంది. దేశం ఎలా ఉంటుందంటే ఆవిడకు ఆ గోడలాగే ఉంటుంది. కుడిచేతి వైపు సముద్రం, ఎడమచేతి వైపు ఎడారి, ముంజేతికి అందేంత దూరంలో మంచుకొండలు.

కోడలు కళ్ళజోడు చేతికిచ్చి, నెమ్మదిగా చెప్పింది.

“గూళ్ళలో పక్కపక్కనే ఉన్నాయి పెద్దమ్మా. రోడ్డు మీద చాలా దూరం.”

ఆవిడ కళ్ళజోడు పెట్టుకోలేదు. ఒళ్ళో పెట్టుకుని గోడను చూసింది.

“మరి ఇన్నేళ్ళలో నాకొక్కరూ చెప్పలేదేం?”

“మీరు వేసిన పార్సిలు ఒక్కటైనా తప్పు ఊరికి వెళ్తే కదా చెప్పడానికి.” కోడలు నేల మీద చతికిలబడింది. “మా సంగతి చూడండి. పొద్దున తాడు పట్టుకుని మీ ఇంటి ముందే నడిచాం. మా కంటికి మీ ఇంటికి మేడే లేదు. మీరు గూళ్ళు చూశారు, మేం తాడు చూశాం.”

పెద్దమ్మ ముఖం మొదట బిగుసుకుంది, తర్వాత మూతి ఒకవైపు నుంచి వదులైంది. ఆ నవ్వు కింద నిలబడ్డ ఇంజనీరుకు కూడా వినిపించిందంటారు.

అక్కణ్ణుంచి ఆవిడ ప్రశ్నలు మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి మూట కట్టి ఉంచినవన్నీ ఒక్కసారి విప్పింది. ఇసుక ఊరి పార్సిళ్ళు విప్పకుండానే బల్ల మీద ఇసుక రాలిపడేదట, అక్కడి జనం ఎలా బతుకుతారని అడిగింది. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కుకుంటారని, టీ గ్లాసు మీద అరచెయ్యి మూసి, వేళ్ళ సందుల్లోంచి తాగుతారని కోడలు చూపించింది. ఆవిడ వెంటనే తన ఖాళీ గ్లాసు మీద చెయ్యి మూసి అలాగే తాగి చూసింది. రేవు ఊరి పార్సిళ్ళన్నీ నీలం దారంతోనే కుట్టి ఎందుకు వచ్చేవని అడిగింది. అది వలలు అల్లే దారమని, ఆ ఊళ్ళో చొక్కా గుండీలు కూడా దాంతోనే కుట్టుకుంటారని చెబితే, అలాగా అని కుడివైపు ఒక గూటిని వేలితో తట్టింది, ఇన్నాళ్ళకు దొరికావన్నట్టు.

చివరికి పై వరసలో మూల గూటి దగ్గర ఆగింది.

“కొండల మీంచి దుప్పట్లు వచ్చేవి. గోనెపట్టాకూ దుప్పటికీ మధ్య ప్రతిసారీ గుప్పెడు ఎండుగడ్డి ఉండేది. గాజుసామానుకు గడ్డి పెడతారు, ఒప్పుకుంటాను. దుప్పటి ఏం పగులుతుందని? ఆ గడ్డి వాసన నా చేతికి సాయంత్రం దాకా ఉండేది. ఎందుకు పెడతారది?”

“తెలీదు. నేనూ ఎప్పుడూ వెళ్ళలేదు. మేమిప్పుడు వెళ్ళేది అక్కడికే.”

పెద్దమ్మ ఆ గూటి మీంచి చెయ్యి తీసింది. కిటికీలోంచి, మూరెడు దూరంలో ఆగి ఉన్న రెక్క కొసను చూసింది.

అసలు మాట అప్పుడు వచ్చింది. ఈ కిటికీ తీసేస్తే నాకేం మిగులుతుందని అడిగింది. నేను ఏ ఊరూ వెళ్ళలేదు, ఊళ్ళే ఈ కిటికీ ముందు నుంచి వెళ్తుంటాయి, లారీల మీద రాతలు చూసి ఎక్కడివో చెప్పుకుంటాను అంది. కోడలు లేచి కిటికీ చట్రాన్ని తడిమింది. మేకులు లేవు. పాతకాలం పని, చెక్కలో చెక్క దూర్చి శీలలు కొట్టారు. కొట్టిన శీల ఊడదీయొచ్చు, ఊడదీసింది మళ్ళీ కొట్టొచ్చు. పగలగొట్టక్కర్లేదు. వడ్రంగిని పిలిపిస్తే విప్పి పక్కన పెడతాడు, రెక్క దాటాక బిగిస్తాడు.

“ఇలా చెప్పి వెళ్ళినవాళ్ళెవరూ మళ్ళీ రాలేదమ్మాయ్. మలుపు తిరిగాక మనిషికి వెనక ఇల్లు కనబడదు.”

“అయితే మలుపు తిరగ్గానే బండి తాళంచెవి తెచ్చి మీ చేతిలో పెడతాను. కిటికీ బిగించాక ఇవ్వండి.”

ఈ బేరం కోడలు చేతి సెట్టులో చెప్పగానే కోతల మామయ్య గోల పెట్టాడు. కిటికీ బిగించేసరికి మధ్యాహ్నం దాటుతుంది, కొండ మీద గుడ్డ ఒళ్ళు విరుచుకోవడం మాని ఎగరడం మొదలుపెడుతుంది అన్నాడు. అతను చెప్పింది ఈసారీ కోత కాదు. సెట్టు గరగరలాడింది. తర్వాత బండి వెనక గూట్లోంచి మామగారి గొంతు వచ్చింది.

“మాట ఇచ్చావుగా. అది మన రెక్క కంటే పొడుగైంది, మధ్యలో వంచలేం. కానియ్.”

వడ్రంగి వచ్చి శీలలు తట్టి తీశాడు. కిటికీ మొత్తం పెళ్ళిపల్లకీలా నలుగురి భుజాల మీద కిందికి దిగింది. ఇంజనీరు గునపాలవాళ్ళే మోశారు. పైన గది వీధిలోకి నోరు తెరుచుకుంది, ఆ నోట్లో పెద్దమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంది. లోపలికి జరగమంటే, నా ఇంట్లోంచి వెళ్తుంటే నేను చూడొద్దా అంది.

బండి కదిలింది. సెట్టులో కోడలూ మామగారూ.

“మామయ్యా, కుడికి కొంచెం.”

“కొంచెమంటే ఎంత? మీ అత్తయ్య వేసే ఉప్పంతా, నువ్వు వేసే ఉప్పంతా?”

“నేను వేసేంత.”

“అయితే చాలా తక్కువ. తిప్పుతున్నా.”

తెల్లటి రెక్క నెమ్మదిగా, ఊపిరి బిగబట్టినట్టు, తెరిచిన గదిలోకి వచ్చింది. గూళ్ళ ముందు నుంచి, కుర్చీ ముందు నుంచి జరిగింది. పెద్దమ్మ చెయ్యి చాచి దాని మీద పెట్టింది. చెయ్యి అలాగే ఉంది, రెక్క దాని కింద నుంచి వెళ్తోంది. ఎన్ని ఊళ్ళ దుమ్ము ఉందో అంతా ఆవిడ అరచేతిలోకి ఎక్కింది.

అప్పుడు ఆవిడ చేసిన పని చూసి కిందనున్న జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. గూళ్ళతో పాటు ఆఫీసువాళ్ళు పారేసిన పాత ముద్ర ఒకటి ఆవిడ దగ్గర ఉంది. ఇంకు ఎండిపోయిన దిమ్మ మీద రెండు చుక్కలు టీ వేసి, ముద్రను అద్ది, కదులుతున్న రెక్క కొస మీద ఠప్పున కొట్టింది. నా ఊరు దాటే పార్సిలు ముద్ర లేకుండా దాటదు అంది. ఇంత పెద్ద పార్సిలు నా చేతి మీదుగా ఎప్పుడూ వెళ్ళలేదని కూడా అంది, కానీ అది తనలో తాను అనుకున్నట్టు.

రెక్క తోక గది దాటింది. మూల గోడ మీద పెచ్చు కూడా ఊడలేదు. బట్టల కొట్టతను అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి, తర్వాత తన పందిరి గుర్తొచ్చి ఆపేశాడు.

కోడలు మెట్లెక్కి తాళంచెవి ఇచ్చింది. వడ్రంగి కిటికీ బిగించాడు, పైగా ఎప్పటినుంచో కిర్రుమంటున్న దాని తలుపును సరిచేశాడు. ఇంజనీరు ఆ గదిని కాసేపు చూసి, అనుమతి సంగతి ఎండలు తగ్గాక చూద్దాంలెమ్మన్నాడు. ఎండలు ఏటా తగ్గుతూనే ఉంటాయి కదా. ఈ లోపల పెద్దమ్మ కిందికి మీదికి తిరుగుతూ ఏవో సర్దుకుంది. కోతల మామయ్య ఆవిడకు కొండగడ్డి రహస్యం చెప్పబోయాడు. ఆ గడ్డి పరుపులో పెడితే మనిషి నిద్రలో పాటలు పాడతాడట. ఆవిడ నమ్మలేదు కానీ, మధ్యలో లేచి వెళ్ళనూ లేదు.

చివర్లో ఆవిడ తాళంచెవి కోడలి చేతిలో పెట్టింది. అప్పుడే కొండ మీంచి ఫోను. ఏమండీ, బయల్దేరుతున్నాం అని కోడలు చెబుతుంటే, అవతల మొగుడి మాటల వెనక గుడ్డ పటపటలాడుతోంది. ఆ కంగారులో తాళంచెవి మామూలుకన్నా బరువుగా ఉన్నట్టనిపించినా చూసుకోలేదు. బండి ఎక్కింది. అటువైపు ఆకాశం కింద కొండలు, ఎవరో నీలం గుడ్డ మడిచి పెట్టినట్టు, మొదటిసారి కనబడ్డాయి. వెనక అద్దంలో టపా పెద్దమ్మ గుమ్మంలో నిలబడి, రెక్క తోక కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.

ఇక నన్ను నిలదీయండి. టీ తడిపిన ముద్ర సంగతి అల్లానని మీ అనుమానం కదూ? అది నిజం, కొండెక్కిన రెక్క కొస మీద ఇప్పటికీ ఉంది. రెక్క పొడుగు కాస్త సాగిందంటారా, అది అబద్ధం కిందికి రాదు, ముద్దు కిందికి వస్తుంది. నేను కల్పించింది ఒక్కటే. గుమ్మంలో చెయ్యి ఊపడం.

గుమ్మంలో ఎవరూ లేరు. అద్దంలో కోడలికి కనబడింది మూసిన తలుపు, దానికి వేలాడుతున్న తాళం. ఆ తాళంచెవి కోడలి కళ్ళ ముందే, బండి తాళంచెవి రింగుకు తగిలించి ఊగుతోంది. తాళం వేసినావిడ ముందు జీపులో, ఒళ్ళో రేకు పెట్టె పెట్టుకుని, వెదురుకర్ర పక్కకు జరిపి, ఉప్పు ఊరికీ శాలువాల ఊరికీ మధ్య ఏమేమున్నాయో మొదటినుంచీ చెప్పమని కోతల మామయ్యను నిలదీస్తోంది. ఆవిడ జీపులో ఉన్న సంగతి కోడలికి ఇంకా తెలీదు. ఘాటు రోడ్డు మొదటి మలుపు ఇదిగో, ఎదురుగా ఉంది. చెట్ల కొసలు అప్పుడే ఒకవైపుకు వంగుతున్నాయి.